తిరకాసంతా తోకలోనే!

లెక్కకు కోట్లలో ఉంటాయి. కానీ ఈదవు. ఎందుకు ఈదవో రిపోర్టు చెప్పదు. ఆ గుట్టు విప్పడానికి శాస్త్రవేత్తలు కుందేలు రక్తంలోంచి ఓ సాధనాన్ని పట్టుకొచ్చారు. ఆ కథలో మన హైదరాబాద్‌కూ వాటా ఉంది.

చిక్కడపల్లి మెట్రో స్టేషన్ మెట్లు దిగి నారాయణగూడ వైపు నడిస్తే దారి పొడవునా బోర్డులే. టిఫిన్ సెంటర్లు, పుస్తకాల షాపులు, చీరల దుకాణాలు... మధ్యమధ్యలో డయాగ్నొస్టిక్ సెంటర్లు. రక్తపరీక్ష, థైరాయిడ్, షుగరు అని పెద్దక్షరాల్లో రాసిన చోటే ఎక్కడో ఓ మూల చిన్నగా ‘సెమెన్ ఎనాలిసిస్’ అనీ ఉంటుంది. ఆ పరీక్షకు వచ్చేవాళ్లు కూడా అలాగే వస్తారు... ఓ మూలగా, తలవంచుకుని. చాలా ఇళ్లల్లో ఆ వంతు ఆఖరున గానీ రాదు. పెళ్లయి మూడేళ్లు దాటుతుంది. ‘ఇంకా విశేషమేం లేదా’ అని చుట్టాలు అడగడం మొదలుపెడతారు. అత్తగారు కోడల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది. స్కానింగులు, హార్మోన్ల పరీక్షలు, నొప్పి భరిస్తూ చేయించుకునే ట్యూబ్ టెస్టు... అన్నీ అయ్యాక ‘ఓసారి మీవారికీ చేయిద్దామమ్మా’ అంటారు డాక్టరుగారు. వరసలో మొదట ఉండాల్సిన పరీక్ష అది. ఖర్చు తక్కువ, కోతల్లేవు, సూదుల్లేవు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో భర్త వైపు కారణం కూడా ఉంటుందన్నది వైద్యుల అంచనా.

ఇక రిపోర్టు. ‘కౌంట్’ దగ్గర కోట్లలో అంకె కనిపించగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. దాని కింద ‘మొటిలిటీ’ అని ఇంకో గడి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం మిల్లీలీటరు వీర్యంలో కనీసం కోటీ 60 లక్షల కణాలు ఉండాలి. వాటిలో 42 శాతమైనా కదలాలి. అందులోనూ 30 శాతం ముందుకు ఈదాలి. ఉన్నచోటే గింగిరాలు తిరిగితే లాభం లేదు. కౌంట్ బాగుండి ఈత సరిగా లేకపోవడాన్ని డాక్టర్లు ‘ఆస్థినోజూస్పెర్మియా’ అంటారు. నోరు తిరగని ఆ పేరు పెట్టాక రిపోర్టు అక్కడితో ఆగిపోతుంది. ఎందుకు ఈదడం లేదన్న ప్రశ్నకు అందులో గడి ఉండదు.

ఆటో ఆగిపోయింది... కారణం?

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఓ ఆటో ఆగిపోయిందనుకోండి. పెట్రోలు అయిపోయి ఉండొచ్చు. ప్లగ్గు పోయి ఉండొచ్చు. లోపల ఏదో తీగ తెగి ఉండొచ్చు. రోడ్డు మీద నిలబడి చూసేవాడికి మాత్రం అన్నీ ఒకటే... బండి కదలడం లేదు. మామూలు మైక్రోస్కోపు కింద వీర్యకణాన్ని చూడటమూ అలాంటిదే.

ఆ కణం మొత్తం పొడవు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు పైచిలుకు. అందులో తల పదో వంతుకు మించదు. మిగతాదంతా తోకే. తలలో ఉన్నది తండ్రి ఇచ్చే వారసత్వం. దాన్ని మోసుకెళ్లే బండి తోక. తల వెనకే ఉన్న కాస్త భాగంలో మైటోకాండ్రియాలు తాడు చుట్టినట్టు చుట్టుకుని ఉంటాయి. అవి శక్తిని తయారుచేసే పొయ్యిలు. తోక నడిమధ్యన ఆ చివరి దాకా సన్నటి గొట్టాల కట్ట ఒకటి సాగుతుంది. మధ్యలో రెండు గొట్టాలు, వాటి చుట్టూ తొమ్మిది జతలు. ఒక జతకూ పక్క జతకూ మధ్య ‘డైనీన్’ అనే ప్రొటీన్ చేతులు ఉంటాయి. అవి పక్క గొట్టాన్ని పట్టుకుని లాగుతాయి, వదులుతాయి, మళ్లీ లాగుతాయి. ఒకవైపు లాగినప్పుడు తోక అటు వంగుతుంది, రెండోవైపు లాగితే ఇటు. ఈ కట్ట మీద గట్టి నారలాంటి తొడుగు. ఇవన్నీ కలిపి చూస్తే తోక ఒక్కదాంట్లోనే వందల రకాల ప్రొటీన్లు. వాటిలో ఏ ఒక్క ముఖ్యమైనది లేకపోయినా, ఉండాల్సిన చోట లేకపోయినా బండి ఆగుతుంది.

ఇక్కడో తమాషా ఉంది. ఆ నార తొడుగులో ప్రధానమైన ప్రొటీన్ పేరు ‘ఎకాప్4’. అది లేకుండా పుట్టించిన ఎలుకల్లో వీర్యకణాల తోకలు పొట్టివైపోయాయనీ, ఈదలేకపోయాయనీ 2002లో తేలింది. దాని జన్యువు ఉన్నది ఎక్స్ క్రోమోజోమ్ మీద. మగవాడికి ఎక్స్ క్రోమోజోమ్ వచ్చేది తల్లి నుంచే. అంటే మగతనానికి గుర్తుగా చెప్పుకునే ఈ తోకలో ఒక ముఖ్యమైన సరుకు అమ్మ ఇచ్చిందన్నమాట!

కుక్క కాటుకు చెప్పు దెబ్బ కాదు... సీరం

తోకలో ఏ ప్రొటీన్ ఉందో ఏది లేదో కంటితో చూడటం ఎలా? దీనికి దొరికిన జవాబు యాంటీబాడీ. ఆ మాట కరోనా రోజుల్లో ఇంటింటికీ పరిచయమైంది. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు కోచింగ్ తీసుకుంటూ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో సీటు కోసం పొద్దున్నే పరిగెత్తే కుర్రాళ్లకైతే అది సైన్స్ అండ్ టెక్నాలజీ పేపర్లో ఓ బిట్టు. కానీ ఈ చుట్టుపక్కల యాంటీబాడీకి అంతకంటే పాత చిరునామా ఒకటుంది. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, జనం నోట్లో ‘ఐపీఎం’. కుక్క కరిచిందంటే నగరంలో చాలామంది పరుగు తీసేది అక్కడికే. గాయం లోతుగా ఉంటే టీకాతో సరిపెట్టరు. గాయం చుట్టూ సీరం కూడా ఎక్కిస్తారు. గుర్రాల రక్తం నుంచి తీసిన రేబిస్ సీరం వాడుకలో ఉన్నదే. గుర్రానికి టీకా ఇస్తే దాని ఒంట్లో రేబిస్ వైరస్‌ను గుర్తుపట్టి అతుక్కునే యాంటీబాడీలు తయారవుతాయి. మనకు ఇచ్చేది వాటినే.

యాంటీబాడీ గొప్పతనమంతా ఆ గుర్తుపట్టడంలోనే ఉంది. లక్ష మంది ఉన్న జాతరలో తన పిల్లాడి చెయ్యే పట్టుకునే తల్లిలాంటిది అది. మరి వైరస్‌ను పట్టే యాంటీబాడీ తయారైనప్పుడు తోకలోని ప్రొటీన్‌ను పట్టేది తయారవదా? అవుతుంది. కావాల్సిన ప్రొటీన్‌ను, లేదా దానిలో చిన్న ముక్కను కుందేలుకు ఇంజెక్షన్ ఇస్తారు. కుందేలు ఒంటికి అది పరాయి సరుకు. కొన్ని వారాల్లో యాంటీబాడీలు సిద్ధం. కొద్దిగా రక్తం తీసి వాటిని వేరుచేస్తారు. ఒకే అచ్చులో పోసినట్టుండే యాంటీబాడీలను ఎలుక కణాల నుంచి ఎంత కావాలంటే అంత తయారుచేసే పద్ధతిని కోలర్, మిల్‌స్టైన్ 1975లో కనిపెట్టారు. 1984లో నోబెల్ అందుకున్నారు.

ప్రయోగశాలలో జరిగేది వంటింటి పనిలాగే ఓపికతో కూడుకున్నది. వీర్యకణాలను కడిగి గాజు పలక మీద పలచగా పరుస్తారు. కదలకుండా, కుళ్లకుండా రసాయనంతో బిగిస్తారు. యాంటీబాడీ లోపలికి వెళ్లాలి కదా... అందుకని సబ్బులాంటి ద్రవంతో కణం పొరకు సన్నటి చిల్లులు పెడతారు. కనిపించిన చోటల్లా అది అతుక్కోకుండా ముందే వేరే ప్రొటీన్‌తో ఖాళీలు పూడుస్తారు. అప్పుడు కుందేలు యాంటీబాడీ చుక్క వేసి గంటో, రాత్రంతానో ఉంచుతారు. కడుగుతారు. మళ్లీ కడుగుతారు. అసలు చమత్కారం ఆ తర్వాత. కుందేలు యాంటీబాడీని గుర్తుపట్టే ఇంకో యాంటీబాడీ, సాధారణంగా మేక నుంచి తీసింది, దానికి ఓ మెరిసే రంగు తగిలించి వేస్తారు. మొదటిది ఎక్కడుంటే రెండోది అక్కడికే చేరుతుంది. చీకటి గదిలో ప్రత్యేకమైన కాంతి పడగానే తోక పచ్చగా వెలుగుతుంది! తలలోని డీఎన్ఏకు నీలిరంగు వేస్తారు కాబట్టి అది నీలంగా మెరుస్తుంది. యాంటీబాడీకి మెరిసే రంగు అంటించవచ్చన్న ఆలోచన ఆల్బర్ట్ కూన్స్ అనే అమెరికన్ వైద్యుడిది, 1941 నాటిది.

పచ్చటి వెలుగు తోక పొడవునా పడిందా, మైటోకాండ్రియాలున్న మెడ దగ్గరే ఆగిందా, అసలు పడనేలేదా... దాన్ని బట్టి ఆ ప్రొటీన్ ఉనికి తెలుస్తుంది. ఈదే కణాల్లో వెలిగి ఈదని కణాల్లో వెలగకపోతే ఆగిన ఆటోలో పోయిన పార్టు ఏదో కొంత తెలిసినట్టే.

అలాగని వెలిగిందల్లా నిజమనుకుంటే బోల్తా పడతారు. జాతరలో తల్లి కూడా ఒక్కోసారి పక్కవాళ్ల పిల్లాడి చెయ్యి పట్టేసుకుంటుంది. ఒక ప్రొటీన్‌కని అమ్మిన యాంటీబాడీ దాన్ని పోలిన మరోదానికి అతుక్కోవడం ప్రయోగశాలల్లో తరచూ ఎదురయ్యే తలనొప్పే. అందుకే ఇంజెక్షన్‌కు ముందు అదే కుందేలు నుంచి తీసిన సీరంతో ఓసారి, మొదటి యాంటీబాడీ వేయకుండా ఇంకోసారి చేసి చూస్తారు. అప్పుడు కూడా తోక వెలిగిందంటే ఆ ఫలితం బుట్టదాఖలే. ‘వెస్టర్న్ బ్లాట్’ అనే మరో పరీక్షలో ప్రొటీన్లను బరువుల వారీగా విడగొట్టి, యాంటీబాడీ సరైన బరువున్న దాన్నే పట్టిందా అని సరిచూస్తారు. ఇదంతా చాదస్తంలా కనిపిస్తుంది గానీ, ఈ చాదస్తం లేని ఫలితాన్ని నమ్మి వైద్యం చేస్తే నష్టపోయేది జంటలే.

హబ్సిగూడలో హ్యామ్‌స్టర్లు

నారాయణగూడ నుంచి నల్లకుంట, విద్యానగర్, తార్నాక మీదుగా వెళ్తే ఏడెనిమిది కిలోమీటర్లలో హబ్సిగూడ. అక్కడుంది సీసీఎంబీ. వీర్యకణాల మీద ఆసక్తి ఆ సంస్థకు పుట్టుకతో వచ్చింది. వ్యవస్థాపక డైరెక్టర్ పీఎం భార్గవ 1950ల్లో లండన్‌లో ఉన్నప్పుడే ఆబోతు వీర్యకణాల మీద పనిచేశారు. వీర్యంలో సూక్ష్మజీవుల్ని అడ్డుకునే ‘సెమినల్‌ప్లాస్మిన్’ అనే ప్రొటీన్ గురించి ఈఎస్పీ రెడ్డితో కలిసి 1979లో ‘నేచర్’ పత్రికలో రాశారు.

తోక సంగతిని పట్టుకున్నది ఆ తర్వాతి తరం. డాక్టర్ ఎస్.శివాజీ, ఆయన శిష్యులు 2000ల్లో హ్యామ్‌స్టర్లనే బొద్దు ఎలుకల వీర్యకణాలను పరీక్షించారు. హ్యామ్‌స్టరే ఎందుకంటే, దాని వీర్యకణాల్లో ఈత మారే తీరు గాజు గిన్నెలోనే స్పష్టంగా కనిపిస్తుంది. స్త్రీ శరీరంలోకి చేరిన వెంటనే వీర్యకణం అండంలోకి చొరబడలేదు. కొన్ని గంటలు అక్కడ పదును పట్టాలి. చివరికి దాని ఈత మారిపోతుంది. అప్పటిదాకా నెమ్మదిగా ఊగిన తోక కొరడా ఝళిపించినట్టు కొట్టుకుంటుంది. ఈ మార్పు జరిగేటప్పుడు తోకలోని కొన్ని ప్రొటీన్లకు ఫాస్ఫేటు ముద్ర పడుతుంది. ఆ ముద్రను మాత్రమే గుర్తుపట్టే యాంటీబాడీలున్నాయి. వాటితో వెతికితే ముద్ర పడిన ప్రొటీన్లలో ఒకటి ‘డైహైడ్రోలిపోఅమైడ్ డీహైడ్రోజినేస్’ అని 2004లో తేల్చారు. పేరు పొడవు కానీ పని తెలిసిందే... ఆహారం నుంచి శక్తిని పిండే ఎంజైముల్లో అదొకటి. మామూలుగా మైటోకాండ్రియాల్లో ఉండేది. ఈ కుటుంబానికి చెందిన ఎంజైములు మైటోకాండ్రియాలు లేని తోక భాగంలోనూ ఉన్నాయని యాంటీబాడీ వెలుగులు చూపించాయి. పొయ్యి వంటింట్లోనే ఉంటుందనుకుంటే వరండాలోనూ కనిపించినట్టు!

హ్యామ్‌స్టర్ సరే, మనిషి సంగతేమిటి? శివాజీ బృందం సికింద్రాబాద్‌లో సంతానలేమికి చికిత్స చేసే వైద్యురాలితో కలిసి మనుషుల వీర్యకణాలను పరిశీలించి 2010లో ఫలితాలు ప్రకటించింది. బాగా ఈదేవాటిలో ఉన్న ప్రొటీన్లనూ, ఈదలేనివాటిలో ఉన్నవాటినీ పక్కపక్కన పెట్టి పోల్చారు. ఎనిమిదింటిలో తేడా కనిపించింది. కొన్ని శక్తి తయారీకి సంబంధించినవి. ట్యూబ్యులిన్, టెక్టిన్ అనేవి తోక కట్టడంలోనివి. మిగిలినవి పాడైన ప్రొటీన్లను ఏరి పారేసేవి, దెబ్బ తగిలినప్పుడు కాపాడేవి. అంటే ‘ఈదడం లేదు’ అన్న ఒక్క మాట వెనక పెట్రోలు సమస్యా ఉండొచ్చు, ఇంజను సమస్యా ఉండొచ్చు, చెత్త ఊడ్చేవాడు రాకపోవడమూ కావచ్చు. రిపోర్టులో ఒకే గడి, లోపల ఇన్ని కథలు.

జలుబుకూ, తోకకూ చుట్టరికం

గొట్టాల కట్ట వీర్యకణం తోకకు మాత్రమే సొంతం కాదు. ముక్కులో, ఊపిరితిత్తుల్లో కఫాన్ని బయటికి ఊడ్చే సన్నటి నూగులోనూ ఇలాంటిదే ఉంటుంది. స్వీడన్‌కు చెందిన బ్యోర్న్ అఫ్జీలియస్ 1976లో ఓ వింత చెప్పాడు. వీర్యకణాలు బొత్తిగా కదలని కొందరు మగవాళ్లకు చిన్నప్పటి నుంచీ దగ్గు, సైనస్ బాధలున్నాయి. వాళ్లలో కొందరికి గుండె కుడివైపు ఉంది! ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే వాళ్ల తోకల్లో డైనీన్ చేతులు లేవు. నేడు ఇదే జబ్బును పసిగట్టడానికి ముక్కులోంచి బ్రష్‌తో కాసిన్ని కణాలు తీసి, డైనీన్‌ను పట్టే యాంటీబాడీతో వెలిగించి చూసే పద్ధతి ఉంది. అందుకే ఈత లేదని రిపోర్టు వచ్చిన మగవాడిని డాక్టరు ‘చిన్నప్పుడు జలుబు, దగ్గు ఎక్కువగా ఉండేవా’ అని అడిగితే విసుక్కోవాల్సిన పనిలేదు.

తోకలో క్యాల్షియంను లోపలికి వదిలే ‘క్యాట్‌స్పెర్’ అనే ద్వారాన్ని 2001లో ఎలుకల్లో కనుగొన్నారు. అది లేకపోతే తోక కొరడా ఝళిపించలేదు. ఆ ద్వారాలు తోక పొడవునా నాలుగు వరసల్లో, రోడ్డు పక్క దీపాల్లా బారులు తీరి ఉంటాయని 2014లో యాంటీబాడీలతో తీసిన బొమ్మల్లో బయటపడింది. అదే ఏడాది ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిశోధకులు తోకలు పొట్టిగా, వంకరగా, అసలు లేకుండా ఉన్న మగవాళ్లలో ‘డీఎన్ఏహెచ్1’ అనే డైనీన్ జన్యువు చెడిపోయిందని తేల్చారు. ఇది తెలుగిళ్లు కాస్త చెవిన వేసుకోవాల్సిన సంగతి. ఈ లోపం బయటపడాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు చెడ్డ ప్రతులు రావాలి. ఒక్కటే ఉంటే ఏమీ కాదు, ఉన్నట్టు కూడా తెలియదు. మేనమామ పిల్లనో మేనత్త కొడుకునో చేసుకున్న ఇంట్లో ఒకే తాత నుంచి వచ్చిన చెడ్డ ప్రతి రెండు వైపుల నుంచీ బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుంది. మేనరికం చేసుకున్న ప్రతి ఇంటా ఇలా అవుతుందని కాదు. కానీ తోక ఆకారమే చెడిన కేసుల్లో డాక్టరు ‘మీ అమ్మానాన్నలది మేనరికమా’ అని అడిగేది ఇందుకే.

సొంత సైన్యమే తిరగబడితే...

ప్రయోగశాలలో మిత్రుడైన యాంటీబాడీ మనిషి ఒంట్లో ఒక్కోసారి శత్రువు అవుతుంది. వీర్యకణాలు తయారయ్యేది యుక్తవయసులో. అప్పటికే రక్షణ వ్యవస్థ ‘ఎవరు మనవాళ్లు, ఎవరు పరాయివాళ్లు’ అన్నది నేర్చేసుకుని ఉంటుంది. అందుకే ప్రకృతి వాటిని ఓ గోడ చాటున దాచింది. దెబ్బ తగిలో, ఆపరేషన్ వల్లో ఆ గోడకు గండి పడితే సొంత ఒళ్లే వాటి మీద యాంటీబాడీలు తయారుచేస్తుంది. తోకకు అతుక్కుంటే ఈత మందగిస్తుంది. గుంపుగా అతుక్కుని ముద్దలూ కడతాయి. వీర్యకణాలను ఇంజెక్షన్‌గా ఇస్తే జంతువుల్లో ఇలాంటి యాంటీబాడీలు పుడతాయని లాండ్‌స్టైనర్, మెచ్నికోఫ్ 1899లోనే చూశారు. వేసెక్టమీ చేయించుకున్నవాళ్లలో సగానికి పైగా మందిలో ఇవి కనిపిస్తాయి. నాళం తిరిగి అతికించినా అందరికీ పిల్లలు కలగకపోవడానికి ఇదీ ఓ కారణమే.

దీన్నే తిరగేసి మగవాళ్లకు గర్భనిరోధక టీకా చేయవచ్చా అనీ ప్రయత్నించారు. ‘ఎప్పిన్’ అనే ప్రొటీన్‌ను కోతులకు టీకాగా ఇస్తే తొమ్మిదింటిలో ఏడింటికి సంతానశక్తి ఆగింది. టీకా మానేశాక అయిదింటికి తిరిగొచ్చింది. 2004లో వచ్చిన ఆ పరిశోధనలో బెంగళూరు ఐఐఎస్సీకి భాగముంది. తిరిగిరాని ఆ రెండింటి సంగతే మనుషుల దాకా వచ్చేసరికి ఆలోచింపజేస్తుంది.

మరి ఇప్పుడేం చేయాలి?

ఈదలేని కణాలున్నా తండ్రి కావడానికి దారి ఉంది. 1992లో బ్రస్సెల్స్‌లో మొదటిసారి ఫలించిన ‘ఇక్సీ’ పద్ధతిలో ఒక్క వీర్యకణాన్ని సూదితో నేరుగా అండంలోకి పంపుతారు. అప్పుడు ఈతతో పనిలేదు. అయితే తోకను దాటేసినంత మాత్రాన కారణం మాయమవదు. సీసీఎంబీలోనే డాక్టర్ కె.తంగరాజ్, లాల్జీ సింగ్ తదితరులు వీర్యకణాలే లేని 340 మంది మగవాళ్లను పరీక్షించి 8.5 శాతం మందిలో వై క్రోమోజోమ్ ముక్కలు లేవని 2003లో చెప్పారు. అది ఈత సమస్య కాదు, వేరే లోపం. కానీ అలాంటివారిలో కొందరికి ఇక్సీతో కొడుకు పుడితే అదే లోపం వాడికీ వెళ్తుంది. ముందే తెలిస్తే ఆలోచించుకునే వీలుంటుంది. తోక జన్యువులకూ ఇదే వర్తిస్తుంది. జన్యుపరీక్షలో తేడా కనిపించడం ఒక ఎత్తు, ఆ తేడా వల్ల ప్రొటీన్ నిజంగానే తోకలో లేకుండా పోయిందా అన్నది ఇంకో ఎత్తు. రెండోదానికి యాంటీబాడీ సాక్ష్యం కావాలి.

ఈ వెలిగించి చూసే పరీక్ష వీధి చివర సెంటర్లో దొరికేది కాదు. ఇప్పటికీ ఎక్కువగా పరిశోధనశాలల్లోదే. ఎవరైనా ప్యాకేజీలో కలిపి అమ్మజూపితే ఎందుకో, ఏ ప్రొటీన్‌కో అడగాలి. వీధి చివర దొరికే పరీక్షనైనా సరిగా చేయించుకోవడం ముఖ్యం. రెండు నుంచి ఏడు రోజులు ఎడం పాటించి శాంపిల్ ఇవ్వాలి. ఇంటి నుంచి తెచ్చేట్టయితే ఒంటి వేడి తగిలేలా జేబులో పెట్టుకుని గంటలోపే చేర్చాలి. ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యమైతే ఈత తగ్గిన అంకె వస్తుంది, తప్పు మనిషిది కాకపోయినా. ఒక్క రిపోర్టుతో తీర్పు చెప్పకూడదు. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి మధ్యలో జ్వరమొచ్చినా అంకె పడిపోతుంది. మూడు నెలలాగి మళ్లీ చూడాలి. బొత్తిగా కదలడం లేదని వస్తే ‘వైటాలిటీ’ పరీక్ష జరిగిందా అని అడగాలి. ఇయోసిన్ అనే ఎర్ర రంగు చుక్క కలిపితే చచ్చిన కణాల తలలు ఎర్రబడతాయి, బతికున్నవి తెల్లగా ఉండిపోతాయి. తెల్లగా ఉండీ కదలనివే ఎక్కువైతే లోపం తోకలో ఉండే అవకాశం ఎక్కువ.